చిట్టా ఒకరిది, ఆవర్జా ఒకరిది

1

2024 మే 17న గోర్డన్ బెల్ అనే అమెరికన్ కంప్యూటర్ ఇంజనీరు తన 89వ ఏట కాలిఫోర్నియాలో కన్నుమూశాడు. తన జీవితానికి సంబంధించిన ఉత్తరాలనూ, ఫోటోలనూ, దస్తావేజులనూ మిగల్చకుండా కంప్యూటరులోకి ఎక్కించి, తన గతాన్ని తానే వెతుక్కోవాలని ప్రయత్నించిన మనిషిగా ఆయన పేరు ప్రసిద్ధం. సరిగ్గా మూడు రోజుల తర్వాత, మే 20న, ఆయన పరిశోధకుడిగా పనిచేసిన మైక్రోసాఫ్ట్ సంస్థే 'రీకాల్' అనే ఏర్పాటును ప్రకటించింది. కంప్యూటరు తెర మీద కనబడేదాన్ని కొన్ని సెకన్లకొకసారి బొమ్మ తీసి దాచడం, తర్వాత మామూలు మాటలతో అడిగితే వెతికి చూపించడం దాని పని. ఒక వ్యక్తి కోరికగా మొదలైన పని, ప్రపంచమంతటా అమ్మే సరుకుగా ఎలా మారిందన్నది చరిత్రగా చూడవలసిన విషయం.

బతుకును ఎప్పటికప్పుడు నమోదు చేసి పెట్టుకోవడాన్ని లైఫ్‌లాగింగ్ అంటున్నారు. ఇది యంత్రాల సంగతి కదా, సాహిత్య విమర్శకులకు దీనితో పనేమిటని మిత్రులు అడగవచ్చు. దినచర్యలు, ఉత్తరాలు, యాత్రాచరిత్రలు, ఆత్మకథలు మన సాహిత్య చరిత్రకు ముడిసరుకు. రచయిత ఇంటి కాగితాలు ఏ రోజున సాహిత్యమవుతాయో, ఏ రోజున సాక్ష్యమవుతాయో చెప్పలేని కాలంలో ఉన్నాం. కనుక ఈ చరిత్ర మనకు పరాయిది కాదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి కొత్త పరిభాష అక్కరలేదు. మన షావుకారు కొట్లలో, భూస్వాముల లోగిళ్ళలో రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా, ఏ రోజుకారోజు జరిగిన ఇచ్చిపుచ్చుకోవడాలను వరుసగా రాసేది. రెండోది ఆవర్జా, చిట్టాలో పడిన పద్దులను మనిషివారీగా, ఖాతావారీగా విడదీసి రాసేది. చిట్టా ఎంత శ్రద్ధగా రాసినా, ఆవర్జా లేకపోతే ఫలానా మనిషి బాకీ ఎంతో తేలదు. లైఫ్‌లాగింగ్ అనేది చిట్టా. దానిలో వెతికే సాధనం ఆవర్జా. జీవితాలను నమోదు చేసుకోవడం గురించి జరిగే చర్చ అంతా చిట్టా ఎంత పెద్దదనే దాని చుట్టూ తిరుగుతున్నది. ఆవర్జా ఎవరి చేతిలో ఉందన్నది అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

2

యంత్రాలు రాకముందే ఈ ప్రశ్న ఉంది. లండన్‌లో నౌకాదళ కార్యాలయంలో ఉద్యోగి అయిన శామ్యూల్ పీప్స్ 1660 నుండి 1669 వరకు దినచర్య రాశాడు. ఇతరులు చదవకుండా పొట్టిలిపిలో రాశాడు. ఆయన పుస్తకాలతోపాటు ఆ సంపుటాలు కేంబ్రిడ్జిలోని మాగ్డలీన్ కళాశాలకు చేరాయి. 19వ శతాబ్దం ఆరంభంలో ఒక పేద విద్యార్థి చేత ఏళ్ళ తరబడి ఆ లిపిని విప్పించి, 1825లో మొదటిసారి అచ్చువేశారు. ఆ పొట్టిలిపిని నేర్పే పుస్తకం పీప్స్ గ్రంథాలయంలోనే ఉన్న సంగతి ఆ విద్యార్థికి తెలియదు. చిట్టా చేతిలో ఉంది, తాళంచెవి అదే గదిలో ఉంది, రెండింటినీ కలిపే ఆవర్జా లేదు.

అదే శతాబ్దంలో జాన్ లాక్ అనే తత్వవేత్త ఈ ఇబ్బందిని గుర్తించాడు. చదివిన విషయాలను రాసుకునే నోటుబుక్కులో కావలసినదాన్ని చప్పున వెతుక్కోవడం ఎలాగో చెబుతూ 1686లో ఫ్రెంచిలో ఒక పద్ధతి ప్రకటించాడు. ప్రతి విషయానికీ ఒక ముఖ్యపదం పెట్టాలి. ఆ పదం మొదటి అక్షరాన్నీ, దాని తర్వాత వచ్చే మొదటి అచ్చునూ కలిపి సూచికలో గడి చూసి, ఆ గడిలో పుట సంఖ్య వేయాలి. తెలుగు చదువుకున్నవాడికి ఈ పట్టిక చూడగానే గుణింతం గుర్తొస్తుంది. రెండు పుటల సూచికతో నోటుబుక్కు అంతా కళ్ళముందుకు వచ్చేది. అక్కడ చిట్టా రాసినవాడే ఆవర్జా కూడా రాసుకున్నాడు.

మన దగ్గరకు వస్తే, తెలుగు ఎం.ఏ. చదివినవాళ్ళకు ఆనందరంగ పిళ్ళె ఒక కృతిభర్తగా తెలుసు. కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పేరులోనే ఆయన్ని రాజును చేశాడు. కానీ ఆ పిళ్ళె పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే వద్ద దుబాసీ. 1736 నుండి 1761లో చనిపోయేవరకు తమిళంలో దినచర్య రాశాడు. వ్యాపారపు లెక్కలు, దర్బారు మాటలు, కుట్రలు, ఎవరి దయ ఎప్పుడు తప్పుతుందోననే బెంగ అందులో ఉన్నాయి. 1846లో అది బయటపడింది. కృతిలో మహారాజుగా వెలిగిన మనిషి దినచర్యలో యజమాని ముఖం చూసి మాట్లాడే ఉద్యోగిగా కనబడతాడు. ఒకే మనిషి గురించిన ఈ రెండు దస్త్రాలను పక్కపక్కన పెట్టి చదవడం సాహిత్య విద్యార్థికి మంచి పాఠం.

ఏనుగుల వీరాస్వామి 1830 మేలో చెన్నపట్నం నుండి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. మజిలీ మజిలీకి దూరం, దారి, దొరికే వస్తువులు, జనం ఆచారాలు రాసుకుంటూ పోయాడు. 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. మనం ఆ పుస్తకాన్ని గౌరవించవలసిందే. కానీ ఆయన్ని పల్లకీలో మోసిన బోయీలు కూడా అన్ని మజిలీలూ నడిచారు. ఆ దారిని వాళ్ళ భుజాలు కొలిచినట్టు ఎవరూ కొలవలేదు. వాళ్ళు రాసిన చిట్టా లేదు. నమోదు చేసుకోగలగడమే ఒక వర్గపు సౌకర్యమన్న సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి.

3

యంత్రంతో జ్ఞాపకాన్ని పెంచుకోవచ్చుననే ఆలోచనకు స్పష్టమైన రూపం ఇచ్చినవాడు వానెవర్ బుష్. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా శాస్త్ర పరిశోధనను నడిపించిన ప్రభుత్వ కార్యాలయానికి అధిపతి. 1945 జులైలో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో ఆయన ఒక వ్యాసం రాశాడు. మనిషి తన పుస్తకాలను, కాగితాలను, ఉత్తరాలను సూక్ష్మచిత్రాలుగా ఒక బల్లలో దాచుకుని, మీటలు నొక్కి తెర మీద చూసుకోవచ్చునని ఊహించాడు. దానికి 'మెమెక్స్' అని పేరు పెట్టాడు. నుదుటికి కట్టుకునే, అక్రోటుకాయకంటే కొంచెం పెద్దదైన కెమెరాను కూడా ఊహించాడు.

ఆ వ్యాసంలో గట్టి ఆలోచన కెమెరా గురించినది కాదు. గ్రంథాలయాలలో విషయాలను అక్షరక్రమంలోనో అంకెల క్రమంలోనో పెడతారు. మనిషి మనసు అలా పనిచేయదు, ఒక సంగతి మరో సంగతిని గుర్తుకు తెస్తుంది అని బుష్ అన్నాడు. కనుక రెండు కాగితాలను ముడివేసి, ఆ ముడుల దారిని దాచుకునే సదుపాయం యంత్రంలో ఉండాలన్నాడు. ఆ దారిని స్నేహితుడికి కూడా ఇవ్వవచ్చు. అంటే ఆవర్జాను మనిషి తన ఆలోచన ప్రకారం తానే అల్లుకుంటాడు.

ఆ యంత్రం తయారు కాలేదు. ఆ తర్వాత నెలలోనే హిరోషిమా మీద అణుబాంబు పడింది. అణుబాంబు కార్యక్రమాన్ని మొదటి దశలో పర్యవేక్షించినవారిలో బుష్ కూడా ఒకడు. జ్ఞానం పెరిగిపోయి మనిషి చేతికి అందడం లేదని బాధపడిన చేయీ, మనుషులను బూడిద చేసే పనికి ఏర్పాట్లు చూసిన చేయీ ఒకటే. దీన్ని ఆ వ్యక్తి కపటంగా చూడనవసరం లేదు. శాస్త్రం ఎవరి అధీనంలో ఉంటే వారి పని చేస్తుందనే విషయానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

4

బెల్ కథ ఒక తెలుగువాడి ఉత్తరంతో మొదలవడం విశేషం. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ బహుమతి పొందిన రాజ్ రెడ్డి, పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించే పథకం కోసం 1998లో బెల్ పుస్తకాలకు అనుమతి అడిగాడు. పుస్తకాలు ఎక్కించగా లేనిది, కాగితాలన్నీ ఎందుకు ఎక్కించకూడదని బెల్‌కు తోచింది. ఉత్తరాలు, మెమోలు, ఫోటోలు, దస్తావేజులు, చివరకు జ్ఞాపికలుగా దాచుకున్న కాఫీ కప్పుల బొమ్మలు కూడా ఎక్కాయి. 2001 నుండి ఫోన్ సంభాషణలు, చూసిన వెబ్ పుటలు కూడా చేరసాగాయి. జిమ్ గెమెల్, రోజర్ లూడర్ అనే సహచరులు వీటన్నిటినీ ఒకచోట పెట్టి వెతికే సాఫ్ట్‌వేరు రాశారు. దాని పేరు 'మైలైఫ్‌బిట్స్'. బుష్ కలను నెరవేర్చడమే తమ ఉద్దేశమని 2002లో ప్రకటించారు.

ఈ కథలో ఒక విషయం మన దృష్టిని తప్పించుకోరాదు. ఆ వేలాది కాగితాలను ఒక్కొక్కటిగా స్కానరు మీద పెట్టింది బెల్ కాదు, ఆయన సహాయకురాలు. ఆ పనికి ఏళ్ళు పట్టింది. ఒక మనిషి సంపూర్ణ జ్ఞాపకశక్తి వెనుక మరో మనిషి కూలి ఉంది. పల్లకీ మారింది, మోత మారలేదు.

అలాగని ఆ ప్రయోగాలను కొట్టిపారేయలేం. కేంబ్రిడ్జిలోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో మెడలో వేలాడదీసుకునే 'సెన్స్‌కామ్' అనే చిన్న కెమెరా తయారైంది. వెలుతురు మారినా, ఎదుట మనిషి వచ్చినా దానంతటదే ఫోటో తీసేది. మెదడు వాపువల్ల జ్ఞాపకశక్తి దెబ్బతిన్న ఒక స్త్రీకి అక్కడి ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రిలో దీన్ని ఇచ్చి చూశారు. తీసిన బొమ్మలను భర్తతో కలిసి మళ్ళీ మళ్ళీ చూడగా, మామూలుగా మరచిపోయే సంఘటనలను ఆమె నెలల తర్వాత కూడా చెప్పగలిగిందని 2007లో వైద్యులు ప్రకటించారు. ఇది చిన్న విషయం కాదు.

సూజన్ డ్యూమే బృందం 2003లో మరో సాధనం గురించి రాసింది. ఒక మనిషి ఇదివరకు చూసిన ఈమెయిళ్ళు, దస్త్రాలు, వెబ్ పుటలు అన్నిటినీ ఒకే చోట వెతికే ఏర్పాటు అది. జనం దాన్ని వాడిన తీరులో తేలిందేమంటే, ఎక్కువమంది ఫలితాలను తేదీ వరుసలో చూసుకున్నారు, మనుషుల పేర్లతో ఎక్కువగా వెతికారు. తన గతాన్ని వెతుక్కునే మనిషి మొదట ఎప్పుడు, ఎవరు అని అడుగుతాడు. దీన్ని గుర్తుపెట్టుకోమని పాఠకులను కోరుతున్నాను. చివర మళ్ళీ అవసరం పడుతుంది.

బెల్, గెమెల్ 2009లో తమ అనుభవాన్ని పుస్తకంగా తెచ్చారు. కానీ 2016 నాటికి బెల్ స్వయంగా ఆ అలవాటు మానివేశానని చెప్పాడు. ఎంత దాచినా, దాచినదంతా బతుకు కాలేదు.

రాజ్ రెడ్డి పథకం మాత్రం మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అయింది. వేలాది పాత తెలుగు పుస్తకాలు దాని పుణ్యమా అని మనకు దక్కాయి. ఆ సైటు మూతపడ్డాక ఆ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవులో దొరుకుతున్నాయి. అయితే పేర్లను రోమను లిపిలో తప్పుల తడకగా ఎక్కించడంవల్ల, ఉన్న పుస్తకం కూడా లేనట్టే కనబడుతుంది. పరిశోధక విద్యార్థులు ఒక్కో పేరును పది రకాలుగా తప్పు రాసి వెతకడం నేర్చుకున్నారు. ఆవర్జా చెడితే చిట్టా గతి ఏమవుతుందో తెలుగు పాఠకుడికి అనుభవమే.

5

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా నాన్న ఒక ఆసామి దగ్గర పాలేరు. ఏడాది పొడుగునా తెచ్చుకున్న గింజలు, మందుకూ మాకుకూ తీసుకున్న డబ్బు, పనికి పోని రోజులు, అన్నీ ఆ ఇంటి చిట్టాలో పడేవి. ఉగాదికి లెక్క చూసేవారు. నేను ఆరో తరగతి చదివే ఏడు నాన్న వెంట వెళ్ళాను. ఆసామి ఆవర్జా తెరిచి, మా నాన్న పేరున్న పుట తీసి, అడుగున ఉన్న అంకె మీద వేలు పెట్టి చదివాడు. పైన ఉన్న పద్దులు నేను చదవబోయాను. మూడుచోట్ల "చిట్టా ప్రకారం" అని మొత్తం వేసి ఉంది.

"చిట్టా చూపిస్తారా అండీ?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. నవ్వాడు. "ఏరా, నీ కొడుక్కి చదువు బాగానే ఒంటబట్టిందే" అన్నాడు మా నాన్నతో.

"పిల్లాడు, తెలవదు బాబూ" అని నాన్న వేలిముద్ర వేశాడు.

దారిలో నాన్న నన్నేమీ అనలేదు. మా నాన్న బతుకును గురించి ప్రపంచంలో ఉన్న అతి సవిస్తరమైన రాత ఆ చిట్టాలోనే ఉంది. ఏ రోజు జ్వరం వచ్చిందో, ఏ రోజు మా అక్క పెళ్ళి మాటలకు వెళ్ళాడో, ఏ రోజు గింజలు అయిపోయాయో అందులో ఉన్నాయి. అది ఆయన దినచర్య. కానీ రాసింది ఆయన కాదు, చదవగలిగేది ఆయన కాదు, వెతికే హక్కు ఆయనకు లేదు. నాన్న పోయాక ఇంట్లో మిగిలింది ఒక చెల్లిన ప్రోనోటు, ఒక రేషను కార్డు. రెండూ ఇతరుల దస్తూరీలో ఉన్నాయి.

లైఫ్‌లాగింగ్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ ఎర్ర అట్ట పుస్తకం గుర్తొస్తుంది. పేదవాడి జీవితం నమోదు కాలేదని మనం తరచు రాస్తుంటాం. ఆ మాటను కొంచెం సరిచేసుకోవాలి. పేదవాడి జీవితం నమోదవుతూనే వచ్చింది; అతని మీద వాడటానికి.

6

కొత్త శతాబ్దంలో అందరినీ ఆ పుస్తకంలోకి ఎక్కించారు. అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ డార్పా 2003లో 'లైఫ్‌లాగ్' పేరుతోనే ఒక పథకం ప్రకటించింది. ఒక మనిషి చూసింది, విన్నది, చదివింది, కొన్నది, తిరిగింది అంతా సేకరించి, అందులోంచి అతని జీవన సరళిని తేల్చాలన్నది ఉద్దేశం. పౌరహక్కులవారు అభ్యంతరపెట్టారు. 2004 ఆరంభంలో ఆ పథకం ఆగిపోయింది. ఆ ఫిబ్రవరి 4ననే ఫేస్‌బుక్ మొదలైంది. ఈ రెండింటి మధ్య రహస్య సంబంధం ఉందని కొందరు ప్రచారం చేస్తారు. దానికి ఆధారం లేదు, అవసరం కూడా లేదు. ప్రభుత్వం అడిగితే జనం ఇవ్వబోమన్నదాన్ని, స్నేహం పేరుతో అడిగితే తామే రాసి ఇచ్చారు. పెట్టుబడికి కుట్రకంటే బజారు మేలైన సాధనం.

మన రాతలను మనం వెతుక్కోవాలంటే ఆ తర్వాత కంపెనీని అర్థించవలసి వచ్చింది. 2011లో మాక్స్ ష్రెమ్స్ అనే ఆస్ట్రియా న్యాయశాస్త్ర విద్యార్థి యూరపు చట్టాన్ని పట్టుకుని, తన గురించి ఏముందో ఇవ్వమని ఫేస్‌బుక్‌ను కోరాడు. 1,200 పుటలకు పైగా వచ్చింది. తాను చెరిపివేశాననుకున్నవి కూడా అందులో ఉన్నాయి. "చిట్టా చూపిస్తారా అండీ" అన్న ప్రశ్నకు చరిత్రలో దొరికిన పెద్ద జవాబులలో అదొకటి. దానికి చట్టం, చదువు, పట్టుదల మూడూ కావలసి వచ్చాయి.

2002లో హసన్ ఎలాహీ అనే బంగ్లాదేశ్ సంతతి అమెరికన్ కళాకారుణ్ణి డెట్రాయిట్ విమానాశ్రయంలో ఆపి, ఫలానా రోజున ఎక్కడున్నావని అడిగారు. జేబులోని చిన్న యంత్రంలో తన కార్యక్రమాలన్నీ రాసి ఉండటంవల్ల చెప్పగలిగాడు. అయినా ఆరు నెలల పాటు విచారణ సాగింది. తర్వాత ఆయన తాను తిన్న భోజనం, ఉన్న చోటు, ఖర్చు అన్నీ ఫోటోలతో సహా తానే బహిరంగంగా పెట్టడం మొదలుపెట్టాడు. అడగకముందే అన్నీ చెప్పి, నిఘా చేసేవాణ్ణి సమాచారంలో ముంచెత్తే నిరసన అది. అందులో హాస్యం ఉంది. కానీ ఫలానా పేరు, ఫలానా రంగు ఉన్న మనిషికి మాత్రమే తన అమాయకత్వాన్ని రోజూ రుజువు చేసుకునే అవసరం పడుతుందన్న దుఃఖం కూడా ఉంది.

సొంత చిట్టా రక్షిస్తుందనే భరోసా కూడా నిలవలేదు. 2018లో మొదలైన భీమా కోరేగావ్ కేసులో కంప్యూటర్లలో దొరికాయన్న ఉత్తరాలు ప్రధాన సాక్ష్యాలు. నిందితులలో మన కవి వరవరరావు ఉన్నారు. ఒక నిందితుని కంప్యూటరు నకలును పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్, ఆ ఉత్తరాలను అతనికి తెలియకుండా బయటివారు చొప్పించారని 2021లో నివేదిక ఇచ్చింది. దర్యాప్తు సంస్థ దాన్ని అంగీకరించలేదు. తేల్చవలసింది న్యాయస్థానం. కానీ రచయితలకు ఒక సంగతి అర్థం కావాలి. కాగితం మీద దొంగ పద్దు రాస్తే దస్తూరీ పట్టిస్తుంది. ఈ కొత్త చిట్టాకు దస్తూరీ లేదు.

ఈ వెలుగులో 'రీకాల్'ను చూడండి. ప్రకటించిన కొద్ది రోజులలోనే, అది దాచే సమాచారాన్ని కంప్యూటరులోకి చొరబడినవాడు సులభంగా చదవవచ్చునని భద్రతా నిపుణులు చూపించారు. విమర్శలు రాగా కంపెనీ విడుదలను వాయిదా వేసింది. వాడేవారు కోరితేనే పనిచేసేలా మార్చింది, తాళాలు పెంచింది, 2025 ఏప్రిల్‌లో విడుదల చేసింది. జనం గట్టిగా అడిగితే యంత్రం రూపం మారుతుందని దీనివల్ల తెలుస్తున్నది. అడగకపోతే ఎలా ఉండేదో కూడా తెలుస్తున్నది.

7

ఇదంతా విని, డైరీలు మానేద్దాం, అన్నీ తగలబెడదాం అనే మిత్రులున్నారు. వారి భయం న్యాయమైనది, ముగింపు మాత్రం తప్పు. రాయకుండా ఉన్నంత మాత్రాన మా నాన్న ఆసామి చిట్టా నుండి తప్పించుకోలేదు. దానికి సమాధానం మరోచోట, మరో తీరున వచ్చింది.

1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానా గ్రామంలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఒక బహిరంగ విచారణ జరిపింది. పంచాయతీ పనుల మస్టర్లను ఊరందరి ముందు పైకి చదివారు. పనిచేయనివారి పేర్లు, కట్టని కట్టడాలు బయటపడ్డాయి. ఆ ఉద్యమం పెరిగి 2005లో సమాచార హక్కు చట్టానికి దారితీసింది. అదే ఏడు ఉపాధి హామీ చట్టం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి ఆ పనుల మీద సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థ ఏర్పడింది. కూలీల కుటుంబాల నుండి వచ్చిన యువతీ యువకులు దస్త్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, జాబ్ కార్డుతో పోల్చి, ఊళ్ళో చదివి వినిపిస్తారు.

మా ప్రాంతంలో జరిగిన అలాంటి సభలో ఒకసారి నేనూ కూర్చున్నాను. చదువుతున్న అమ్మాయి ఒక పేరు, ఆరు రోజుల పని అని చెప్పగానే ఒక ముసలమ్మ లేచింది.

"ఆ వారం నేను ఊళ్ళోనే లేనమ్మా. మా కూతురి పురుడు. పిల్ల పుట్టింది శనివారం, నేనొచ్చింది పదకొండో రోజు. మరి ఆ డబ్బు తిన్నదెవరు?"

ఆమెకు తేదీ తెలియదు. పురుడు తెలుసు, వారం తెలుసు, కూతురు తెలుసు. ఎప్పుడు, ఎవరు అన్న రెండు ఆధారాలతోనే ప్రభుత్వ దస్త్రంలోని తన జీవితాన్ని వెతికి పట్టుకుంది. ఒక సంగతి మరో సంగతిని గుర్తుకు తెస్తుందని బుష్ అన్నదీ, పరిశోధనశాలలో తేలిందీ ఆ చెట్టు కింద నా కళ్ళముందు జరిగింది. తేడా ఏమంటే, ఆమె ఒంటరిగా వెతకలేదు. పక్కనున్నవాళ్ళు "అవును, అప్పుడామె లేదు" అన్నారు. ఊరి జ్ఞాపకం ఆమెకు ఆవర్జా అయింది. మా నాన్న పక్కన ఆ రోజున అలా అనేవాళ్ళు లేరు, నేను తప్ప.

ఈ గెలుపు కూడా స్థిరమైనది కాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. దాని తర్వాత 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, మన సమాచారం ఏం చేస్తున్నారో అడిగే హక్కు ఇస్తూనే, ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులు ఇవ్వగల వీలు పెట్టింది. పైగా సమాచార హక్కు చట్టాన్ని సవరించి, వ్యక్తిగత సమాచారం అన్న కారణంతో నిరాకరించడాన్ని సులభం చేసింది. మస్టరులో పేర్లు చదవడం రేపు వ్యక్తిగత విషయమై పోతుందేమోనని ఉద్యమకారులు ఆందోళన పడుతున్నారు. గోప్యత అనే మంచి మాటను కూడా పాలకులు తమ చిట్టా మూసుకోవడానికి వాడగలరు.

8

కనుక జీవితాన్ని నమోదు చేసే ఏ సాధనాన్నైనా మనం మూడు ప్రశ్నలతో పరీక్షించాలి. రాస్తున్నది ఎవరు? వెతకగలిగేది ఎవరు? వెతికినదాన్ని ఎవరి ముందు పెడతారు? లాక్ నోటుబుక్కునూ, పిళ్ళె దినచర్యనూ, బెల్ యంత్రాన్నీ, ఆసామి ఆవర్జానూ, మస్టరు రోలునూ ఒకే వరుసలో పెట్టి చూడటానికి ఈ ప్రశ్నలు సరిపోతాయి. సాహిత్య విద్యార్థులు ఆత్మకథలు చదివేటప్పుడు కూడా ఇవే అడగాలి. గొప్పవాళ్ళ డైరీలకు సూచికలు తయారుచేసే మనం, ఆ సూచికలలో పనివాళ్ళ పేర్లు ఎన్ని చేర్చామో చూసుకోవాలి.

రచయితలు రాసుకోవాలి. తమ చేతితో, తమకు తెలిసిన క్రమంలో, తాము వెతుక్కోగలిగేలా రాసుకోవాలి. యంత్రం వాడితే దాని తాళం తమ దగ్గర ఉంచుకోవాలి. అంతకంటే ముఖ్యంగా, చదవలేనివాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ గురించి ఇతరులు రాసినదాన్ని పైకి చదివి వినిపించాలి. బడిపంతులుగా నేను చేయగలిగిన పని అదే. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఏటా ఒక పాఠం చెబుతాను. ఇంటి నుండి జాబ్ కార్డు, పాస్‌బుక్కు, రేషను కార్డు తెమ్మంటాను. అందులో ఉన్నది అమ్మానాన్నలకు చదివి వినిపించి, వాళ్ళు ఏమన్నారో రాసుకురమ్మంటాను.

చాలామంది పిల్లలు "నిజమే అన్నారు" అని రాసుకొస్తారు. ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు మాత్రం "కాదన్నారు" అని రాసుకొస్తారు. ఆ ఇద్దరు ముగ్గురి నోటుబుక్కులు నేను దాచిపెడుతున్నాను.